జవాబు రాని మనవిని విడవకుండా ప్రార్థించడం ఎలా

ఒకే మనవిని ఏడాదిగా, ఐదేళ్లుగా, పదేళ్లుగా దేవుని ముందు పెడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. తాగుడు మానని భర్త, దేవుణ్ణి వదిలేసి తిరుగుతున్న కొడుకు, కుదరని పెళ్లి, నిలవని గర్భం, తగ్గని జబ్బు. ఇలాంటి భారంతో ఆదివారం కూడికకు వచ్చేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వాళ్లకు దొరికే సలహా చాలావరకు ఒకటే: "విశ్వాసంతో ప్రార్థించండి, విడవకండి." మాట సరైనదే. కానీ రేపు తెల్లవారి లేచాక మోకాళ్ల మీద ఏం చేయాలో, మూడో నెలలో నోట మాట రానప్పుడు ఎలా నిలబడాలో అందులో లేదు. ఆ వివరమే ఇక్కడ ఉంది.

మొదలుపెట్టే ముందు

లూకా 18వ అధ్యాయంలోని విధవరాలి ఉపమానాన్ని చాలామంది తలకిందులుగా చదువుతారు. ఆమె న్యాయాధిపతిని తొందరపెట్టి పని సాధించుకుంది కాబట్టి మనమూ దేవుణ్ణి విసిగించి సాధించుకోవాలని అనుకుంటారు. ఆ న్యాయాధిపతి దేవునికి భయపడడు, మనుషుల్ని లెక్కచేయడు. అలాంటివాడే చివరికి న్యాయం తీర్చాడంటే, దివారాత్రులు మొరపెట్టుకుంటున్న తన వాళ్లకు తండ్రియైన దేవుడు తీర్చడా అని యేసు అడుగుతున్నాడు. దేవుణ్ణి ఆ న్యాయాధిపతిలా ఊహించుకుని ప్రార్థిస్తే ఆరు నెలలకే అలసిపోతారు. ఎందుకంటే ఆ ఊహలో జవాబంతా మీ ఒత్తిడి మీదే ఆధారపడి ఉంటుంది.

"అయితే ఒకే మాట మళ్లీ మళ్లీ చెప్పడం వ్యర్థమైన మాటలు కాదా?" అని కొందరు భయపడతారు. మత్తయి 6:7లో యేసు ఖండించింది, విస్తరించి మాట్లాడడం వల్ల తమ మనవి వినబడుతుందన్న నమ్మకాన్ని. ఆయనే గెత్సేమనేలో మూడోసారి వెళ్లి, ఆ మాటలే చెప్పి ప్రార్థించాడు (మత్తయి 26:44). కాబట్టి అదే మనవి రోజూ చెప్పండి. మాటల లెక్క వల్లో, గొంతు పెంచడం వల్లో పని జరుగుతుందని మాత్రం అనుకోకండి.

విశ్వాసం గురించి ఒక్క మాట. "జరిగి తీరుతుంది" అన్న ఉద్వేగం లోపల పుట్టేదాకా ఆగితే మీరు ప్రార్థన మొదలే పెట్టలేరు. షద్రకు, మేషాకు, అబేద్నెగోలు రాజుతో అన్నది చూడండి (దానియేలు 3:17-18): మా దేవుడు రక్షించగల సమర్థుడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కము. ఫలితం తెలియకుండానే వాళ్లు నిలబడ్డారు. దయ్యం పట్టిన పిల్లవాడి తండ్రి అయితే "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు (మార్కు 9:24). సగం సందేహంతో నిండిన ఆ ప్రార్థనకు యేసు జవాబిచ్చాడు. మీ దగ్గరున్న విశ్వాసం అంతే అయితే, అంతటితోనే రండి.

మనవిని ఒక్క వాక్యంలో రాయండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. రెండు వందల పేజీల మామూలు లాంగ్ బుక్కు చాలు. మొదటి పేజీలో మీ మనవిని ఒకే వాక్యంలో రాయండి. కళ్లు లేవని తెలిసీ యేసు బర్తిమయిని "నేను నీకేమి చేయగోరుచున్నావు" అని అడిగాడు (మార్కు 10:51). ఆ ప్రశ్నకు మీ జవాబు ఏమిటో కాగితం మీద పెట్టండి. "మా కుటుంబాన్ని దీవించు ప్రభువా" అని రాస్తే, జవాబు వచ్చినా మీకు తెలియదు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. కోరుకున్న ఫలితానికి బదులు, అది ఏ దారిలో రావాలో రాస్తారు. "మా అబ్బాయికి ఆ కంపెనీలోనే ఉద్యోగం రావాలి." "మా అమ్మాయికి ఆ సంబంధమే కుదరాలి." తర్వాత సంఘంలో గొప్ప బోధకుడైన అగస్టీను తల్లి మోనికా సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఆఫ్రికా తీరంలోని కార్తేజులో, కొడుకు ఓడెక్కి రోము వెళ్లిపోకూడదని ఆమె ఒక రాత్రంతా ప్రార్థనా స్థలంలో ఏడుస్తూ గడిపింది. ఆ రాత్రే అతడు ఆమెకు చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆ ప్రయాణమే అతణ్ణి రోము మీదుగా మిలాను చేర్చింది. అక్కడ బిషప్ ఆంబ్రోసు బోధ విన్నాడు, 387లో ఈస్టరు పండుగకు ఆయన చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రాత్రి మోనికా అడిగింది దొరకలేదు. కొడుకు దేవుని వైపు తిరగాలని అన్నేళ్లుగా అడిగింది మాత్రం ఆ దారిలోనే దొరికింది. అందుకే ముఖ్య వాక్యంలో ఫలితాన్ని రాయండి. దారి గురించిన కోరికను కింద చిన్నగా "ఇలా అయితే బాగుండును" అని వేరుగా రాసుకోండి. అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు, కానీ రెండింటినీ కలిపేయకండి.

దీర్ఘకాలపు మనవులు మూడుకు మించి పెట్టుకోకండి. పదిహేను అంశాలు రాసుకున్నవాళ్లు వారం తిరిగేసరికి జాబితా చదవడమే ప్రార్థన అనుకుంటారు. మిగిలినవాటిని వారంలో ఒక్కో రోజుకు పంచండి: సోమవారం బంధువులు, మంగళవారం సంఘం, ఇలా.

వాక్యపు ఆధారం వెతకండి

మనవి రాశాక, దాని కింద ఒక వాక్యభాగం రాయాలి. దీనికి ముందు మీ మనవి ఏ రకానికి చెందిందో చూసుకోండి.

దేవుడు సూటిగా మాట ఇచ్చినవి కొన్ని ఉన్నాయి: ఒప్పుకున్న పాపానికి క్షమాపణ (1 యోహాను 1:9), జ్ఞానం (యాకోబు 1:5), అడిగేవాళ్లకు పరిశుద్ధాత్మ (లూకా 11:13). వీటిని "నువ్వు మాట ఇచ్చావు ప్రభువా" అని ధైర్యంగా పట్టుకుని అడగవచ్చు. అడగమని చెప్పి, ఎప్పుడు ఎలా ఇస్తాడో చెప్పనివి ఇంకొన్ని: ఉద్యోగం, పెళ్లి, సంతానం, స్వస్థత, అయినవాళ్ల రక్షణ. వీటిని కూడా అంతే పట్టుదలగా అడగండి, కానీ "నీ చిత్తమైతే" అన్న మాట నిజంగా అర్థమయ్యే అడగండి. 1 యోహాను 5:14 చెప్పేది ఇదే. ఇక పొరుగువాడి కేసు ఓడిపోవాలని, కట్నం గట్టిగా రావాలని అడిగేవి మూడో రకం. యాకోబు 4:3 వీటి గురించే. వీటిని నోటుబుక్కులోంచి కొట్టేయండి.

వాగ్దానాన్ని దాని సందర్భంతో కలిపి చదవండి. జనవరి 1న సంఘంలో తీసుకున్న వాగ్దాన కార్డును గోడకు అంటించుకుని, ఏడాది చివర అది నెరవేరలేదని కుంగిపోయేవాళ్లు ఎందరో. మన ఇళ్లలో క్యాలెండర్ల మీద బాగా కనబడే యిర్మీయా 29:11నే తీసుకోండి: "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." దానికి ముందున్న పదో వచనంలో డెబ్బై సంవత్సరాలు గడిచాక అని ఉంది. ఐదు నుంచి ఏడు వచనాల్లో, అంతవరకు ఆ బబులోనులోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. ఇలా మొత్తం చదివితే వాగ్దానం బలహీనపడదు. చెరలో ఉన్నవాళ్లకు అది ఎంత కాలం ఎదురుచూసే ఓపిక నేర్పిందో తెలుస్తుంది. మీరు ఎంచుకున్న వచనానికి ముందు పది, తర్వాత పది వచనాలు చదివాకే నోటుబుక్కులో రాయండి.

అడ్డు తొలగించుకోవడం, ఒక్కసారి

ప్రార్థనకు అడ్డు వచ్చేవాటిని బైబిలు పేరుపెట్టి చెబుతుంది. క్షమించకపోవడం (మార్కు 11:25), మీ మీద కోపంగా ఉన్న సహోదరుడితో సమాధానపడకపోవడం (మత్తయి 5:23-24), దాచుకున్న పాపం (కీర్తన 66:18). భర్త భార్యను సన్మానించకపోతే అతని ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందని 1 పేతురు 3:7 మగవాళ్లకే నేరుగా చెప్పింది. మన సంఘాల్లో ఈ వచనం మీద ప్రసంగాలు తక్కువ, అవసరం మాత్రం ఎక్కువ.

ఒక సాయంత్రం గంట సేపు కూర్చుని ఇది పూర్తిచేయండి. ఎవరికైనా ఫోన్ చేయాల్సి ఉంటే చేయండి, బాకీ ఉంటే ఎప్పుడు తీరుస్తారో చెప్పండి. తర్వాత ఆ పేజీ మూసేయండి. ఎందుకంటే, జవాబు ఆలస్యమైన ప్రతిసారీ లోపల ఇంకా ఏదో పాపం ఉందేమోనని తవ్వుకునేవాళ్లు ప్రార్థన మానేసి తమనే తాము విచారించుకోవడం మొదలుపెడతారు. పుట్టుగుడ్డివాడి గురించి "వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లా" అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్నాడు (యోహాను 9:3).

రోజూ ఇరవై నిమిషాలు

గంట ప్రార్థనతో మొదలుపెట్టకండి. మొదటి వారం ఉత్సాహంలో గంట చేసి, రెండో వారం పది నిమిషాలు చేసి, మూడో వారం అపరాధభావంతో అసలే మానేస్తారు. ఇరవై నిమిషాలు చాలు, కానీ రోజూ.

మొదటి మూడు నిమిషాలు ఒక కీర్తన పైకి చదవండి. మౌనంగా చదివితే మనసు వంటింట్లోకో ఆఫీసులోకో జారుతుంది, పైకి చదివితే కాస్త నిలుస్తుంది. తర్వాత మూడు నిమిషాలు నిన్నటి రోజు నుంచి స్తోత్రాలు చెప్పండి. "అన్నిటి కోసం స్తోత్రం" అని తేల్చేయకండి. నిన్న బస్సు దొరికింది, అమ్మకు జ్వరం తగ్గింది, ఇలా పేరుపెట్టి ఐదు. ఆ తర్వాత ఆరు నిమిషాలు మీ ముఖ్య మనవి. నాలుగు నిమిషాలు ఇతరుల కోసం. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చోండి. చివరి రెండు నిమిషాలు పరలోక ప్రార్థన, తొందర లేకుండా, ఒక్కో మాట దగ్గర ఆగుతూ.

ఆ ఆరు నిమిషాల్లో ఏం మాట్లాడాలో తెలియనివాళ్ల కోసం, తాగుడుకు బానిసైన కొడుకు కోసం ప్రార్థించే తల్లి మాటలు ఇలా ఉండవచ్చు: "తండ్రీ, నిన్న కూడా తాగే వచ్చాడు. రాత్రి పదకొండున్నరకు తలుపు తీశాను. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. వాణ్ణి నువ్వు నాకంటే ముందు నుంచి ప్రేమిస్తున్నావు. తప్పిపోయిన కుమారుడికి పందుల దగ్గర బుద్ధి వచ్చినట్టు వీడికీ బుద్ధి రానివ్వు. ఈ రోజు సాయంత్రం ఆరింటికి వాడు ఆ షాపు ముందు నుంచి నడుస్తాడు. ఆ సమయానికి వాడి పక్కన ఉండు. నాకు ఈ రోజుకు సరిపడా ఓర్పు ఇవ్వు. యేసు నామంలో అడుగుతున్నాను." ఇందులో గొప్ప మాటలు లేవు. నిన్నటి నిజం ఉంది, మనవి ఉంది, వాక్యం ఉంది, ఈ రోజుకు ఒక చిన్న అడుగు ఉంది. రోజూ ఈ నాలుగూ ఉంటే, మనవి పాతదైనా ప్రార్థన పాతబడదు.

ఫోన్ వేరే గదిలో పెట్టండి. బైబిలు ఫోన్లోనే చదివేవాళ్లు కనీసం ఈ ఇరవై నిమిషాలకు పుస్తకం వాడండి. సమయం తెల్లవారుజామే కానక్కర్లేదు. దానియేలు రోజుకు ముమ్మారు ప్రార్థించాడు (దానియేలు 6:10). హైదరాబాదులో నైట్ షిఫ్టు చేసేవాళ్లకు డ్యూటీ ముగిసి క్యాబు ఎక్కేముందు, అమెరికాలో ఉన్నవాళ్లకు ఆఫీసు పార్కింగులో కారులో కూర్చున్నప్పుడు, ఏ వేళ ఖాయంగా ఖాళీ దొరుకుతుందో అదే మీ వేళ. ఇంట్లో విడి గది లేకపోతే డాబా మీద నడుస్తూ కళ్లు తెరిచే ప్రార్థించండి. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో హన్నాలా పెదవులు మాత్రమే కదిలించండి (1 సమూయేలు 1:13). యాజకుడు ఏలీ అది చూసి ఆమె తాగి ఉందనుకున్నాడు. దేవుడు మాత్రం విన్నాడు.

ఒక రోజు తప్పితే మర్నాడు ఇరవై నిమిషాలే చేయండి. నలభై చేసి బాకీ తీర్చాలని చూడకండి, ఇది అప్పు కాదు.

నోటుబుక్కు పేజీ

ప్రతి మనవికీ రెండు ఎదురెదురు పేజీలు కేటాయించండి. ఎడమ పేజీ మీద మొదలుపెట్టిన తేదీ, మనవి వాక్యం, వాక్యభాగం. కుడి పేజీలో తేదీలవారీగా ఒక్కో పంక్తి. రోజూ రాయనక్కర్లేదు, వారానికి ఒకసారి, ఆదివారం సాయంత్రం. అందులో మూడు రకాల సంగతులు రాయండి: పరిస్థితిలో ఏం మారింది, మీలో ఏం మారింది, ఏం మారలేదు. "ఈ వారం రెండు రోజులు ఇంటికి తొందరగా వచ్చాడు." "నేను అరవలేదు." "డబ్బు మళ్లీ అడిగాడు." మేలు మాత్రమే రాస్తే నోటుబుక్కు అబద్ధం చెబుతుంది. కీడు మాత్రమే రాస్తే ఆశ చచ్చిపోతుంది.

ఇంగ్లండులోని బ్రిస్టల్లో అనాథ శరణాలయాలు నడిపిన జార్జి ముల్లర్ ఇలా తేదీలతో రాసుకునేవాడు. 1844 నవంబరులో ఐదుగురి మారుమనస్సు కోసం ప్రార్థన మొదలుపెట్టాడు. ఆరోగ్యంగా ఉన్నా, జబ్బుగా ఉన్నా, ప్రయాణంలో ఉన్నా ఒక్క రోజూ మానలేదని తానే చెప్పాడు. మొదటివాడు మారడానికి పద్దెనిమిది నెలలు పట్టింది. రెండోవాడికి మరో ఐదేళ్లు, మూడోవాడికి ఇంకో ఆరేళ్లు. మిగిలిన ఇద్దరి కోసం దశాబ్దాల తరబడి అడుగుతూనే ఉన్నాడు. తేదీలు రాసి ఉండబట్టే ఎంత కాలం పట్టిందో అతనికి తెలుసు, మనకూ తెలుసు. జ్ఞాపకం మీద ఆధారపడితే, దుఃఖంలో ఉన్న మనిషికి దేవుడు చేసిన మేలు ఒక్కటీ గుర్తుకురాదు.

మూడు నెలలకోసారి మొదటి పేజీ నుంచి చదవండి. అప్పుడు మనవి వాక్యాన్ని మార్చాలనిపిస్తే మార్చండి. పాతదాన్ని ఒక్క గీతతో కొట్టి, కొత్తదాన్ని తేదీతో రాయండి.

చేతులు కట్టుకుని కూర్చోకండి

నెహెమ్యా కిస్లేవు మాసంలో యెరూషలేము గోడల సంగతి విని ఉపవాసంతో ప్రార్థన మొదలుపెట్టాడు. రాజు అడిగింది నీసాను మాసంలో, అంటే దాదాపు నాలుగు నెలల తర్వాత. రాజు "నీకేం కావాలి" అనగానే, లోపల ఒక్క క్షణం ప్రార్థించి (నెహెమ్యా 2:4), ఎన్నాళ్లు సెలవు కావాలో, ఏ అధికారులకు తాకీదులు కావాలో, ఏ అడవి నుంచి మ్రానులు కావాలో గడగడా చెప్పాడు. ఆ నాలుగు నెలలూ అతడు ప్రార్థిస్తూనే లెక్కలు కూడా వేసుకున్నాడని దీన్నిబట్టే అర్థమవుతుంది.

కాబట్టి ప్రతి మనవి కింద "నా పని" అని ఒక పంక్తి పెట్టండి. ఉద్యోగం అడిగేవాళ్లు ఈ వారం ఎన్ని దరఖాస్తులు పంపుతారో రాయాలి. జబ్బు నయం కావాలని అడిగేవాళ్లు మందులు ఆపకూడదు. హిజ్కియా ప్రార్థనకు దేవుడు జవాబిచ్చి పదిహేనేళ్ల ఆయుష్షు పెంచాడు, ఆ జవాబులోనే పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద పెట్టించాడు (2 రాజులు 20:7). షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, టీబీ కోర్సు, ఫిట్స్ మందులు విశ్వాసం పేరుతో మానేయమని ఎవరు చెప్పినా వినకండి. నయమైతే పరీక్షలో తెలుస్తుంది, డాక్టరే ఆపుతాడు.

తాగుడు విషయంలో ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ప్రార్థన కూడికలో తీర్మానం చేసుకుని ఒక్కసారిగా మానేస్తే, ఒకటి రెండు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. దాన్ని దయ్యపు పీడ అనుకుని ఇంట్లోనే ఉంచేయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానాలని నిర్ణయించుకున్న రోజే డాక్టరుకు చూపిస్తే ఇంకా మంచిది. భర్త కొడుతుంటే, అతని మార్పు కోసం ప్రార్థిస్తున్న భార్య దెబ్బలు తింటూ అక్కడే ఉండాలని వాక్యంలో లేదు. సౌలు ఈటె విసిరితే దావీదు తప్పించుకుని వెళ్లిపోయాడు. పుట్టింటికి వెళ్లండి, మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయండి, క్షేమంగా ఉన్నచోటి నుంచి ప్రార్థించండి.

తోడు, ఉపవాసం

ఒంటరిగా ఏళ్ల తరబడి అడగడం కష్టం. ఇద్దరు ముగ్గురు చాలు (మత్తయి 18:19-20). వారానికి ఒక అరగంట, ఫోన్లోనైనా సరే. మొదటి ఐదు నిమిషాల్లో విషయం చెప్పుకోండి, మిగతా సమయం ప్రార్థించండి. దీన్ని తిరగేస్తే అది కబుర్ల కూడిక అవుతుంది. మనిషిని ఎంచుకునేటప్పుడు ప్రార్థన బాగా చేస్తారా అని చూడకండి, నోరు కట్టుకోగలరా అని చూడండి. కూతురి కాపురం సంగతి వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అంశంగా పెడితే, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, ఆమె మళ్లీ సంఘం గడప తొక్కదు. గ్రూపులో "ఒక కుటుంబం కోసం" అంటే చాలు. మీ కోసం ప్రత్యేకంగా ప్రార్థించడానికి ఇంత కానుక అని ఎవరైనా అడిగితే, అక్కడి నుంచి లేచి రండి.

ఉపవాసం వారానికి ఒక పూటతో మొదలుపెట్టండి. బుధవారమో శుక్రవారమో మధ్యాహ్న భోజనం మాని, ఆ సమయం ప్రార్థనకు ఇవ్వండి. నీళ్లు తాగండి. సాయంత్రం గంజితోనో మజ్జిగతోనో విడవండి, ఆకలి మీద బిర్యానీతో విడిస్తే కడుపు తిరగబడుతుంది. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు భోజనం మానకండి. దానియేలు ఇరవై ఒక్క రోజులు రుచిగల ఆహారం, మాంసం, ద్రాక్షారసం మాత్రమే మానాడు (దానియేలు 10:3). మీరు కూర, పచ్చడి మాని మజ్జిగన్నం తిన్నా అది ఉపవాసమే. ఉపవాసం ఉన్న రోజు ఇంట్లోవాళ్ల మీద విసుక్కుంటే, యెషయా 58 తీసి చదవండి.

ఎక్కడ తెగుతుంది

ఎక్కువమంది దగ్గర ఇది మూడో నెల, నాలుగో నెలలో తెగుతుంది. మొదటి ఉత్సాహం అయిపోతుంది, జవాబు జాడ ఉండదు. ఏలీయా కర్మెలు కొండ మీద సేవకుణ్ణి సముద్రం వైపు చూడమని ఏడుసార్లు పంపాడు (1 రాజులు 18:43-44). వర్షం ఇస్తానని దేవుడు ముందే మాట ఇచ్చాడు. అయినా ఏలీయా నేల మీద వంగి, ముఖం మోకాళ్ల మధ్య పెట్టుకుని అడిగాడు. ఆరుసార్లు ఏమీ కనబడలేదు. ఏడోసారి కనబడింది కూడా మనిషి చెయ్యంత చిన్న మేఘం. ఆ దశలో మాటలు రాకపోతే మీవి వెతకకండి, కీర్తనలు అరువు తెచ్చుకోండి. 13వ కీర్తన "ఎన్నాళ్లవరకు" అని నాలుగుసార్లు అడుగుతుంది. 88వ కీర్తన చివరి పంక్తి దాకా చీకట్లోనే ఉంటుంది, అయినా అది దేవునితోనే మాట్లాడుతుంది. అలా ఫిర్యాదు చేయడం అవిశ్వాసం కాదు. మాట్లాడడం మానేయడమే ప్రమాదం.

రెండోది, ఆదివారం సాక్ష్యాల వేళ. మీరు పదేళ్లుగా అడుగుతున్నది ఇంకొకరికి మూడు నెలల్లో దొరికితే గుండెలో పోటు పొడుస్తుంది. బయటికి "స్తోత్రం" అని లోపల మండిపోకండి. ఆ మధ్యాహ్నమే "నాకు అసూయగా ఉంది ప్రభువా" అని చెప్పేయండి, ఆ కుటుంబం కోసం ఒక వారం పేరుపెట్టి ప్రార్థించండి. కష్టంగానే ఉంటుంది, కానీ పనిచేస్తుంది.

మూడోది పక్కవాళ్ల మాట: "నీకు విశ్వాసం చాల్లేదు, అందుకే." యోబు స్నేహితులు ఇలాగే మాట్లాడారు, దేవుడు వాళ్ల మీద కోపించాడు (యోబు 42:7). పిల్లలు లేని ఆడపిల్లతో, క్యాన్సరుతో ఉన్న మనిషితో ఈ మాట అనేవాళ్లు ఎవరైనా సరే, పాస్టరు గారైనా సరే, తప్పు చేస్తున్నారు.

ఇంకోటి బేరం. "ఇది ఇస్తే ఇంత కానుక వేస్తాను." హన్నా మొక్కుకుంది నిజమే. తర్వాత మాట నిలబెట్టుకుంది, అయితే కుమారుణ్ణి ఇవ్వడం ఆమెకు భక్తి, లంచం కాదు. మీ మొక్కుబడి ఎలాంటిదో మీకే తెలుస్తుంది: జవాబు రాకపోయినా ఆ కానుక ఇవ్వగలరా అని అడిగి చూసుకోండి.

తెలుగు నేల మీది ఒక నిరీక్షణ

తెలుగువాళ్ల మధ్య అమెరికను బాప్టిస్టు మిషను 1836లో మొదలైంది. పదిహేడేళ్లకు ఫలితం మరీ కొద్దిగా కనబడడంతో, 1853లో దాన్ని మూసేద్దామన్న మాట అమెరికాలో లేచింది. మరుసటి ఏడాది 1854 జనవరి 1 తెల్లవారుజామున, నెల్లూరు నుంచి వచ్చిన మిషనరీ లైమన్ జ్యూవెట్ దంపతులు, వాళ్లతో ఉన్న తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. మనవి ఎంత స్పష్టంగా ఉందో చూడండి: ఈ ఊరు, ఒక మనిషి. ఆ సేవకుడిగా మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు. ఆ తర్వాత మరో పన్నెండేళ్లకు, 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కొండను ప్రార్థన కొండ అంటారు. ఆ తెల్లవారుజామున అక్కడ ఉన్నవాళ్లకు ఈ లెక్కల్లో ఒక్కటీ తెలియదు. కొండ దిగి నెల్లూరు వెళ్లి, ఎప్పటిలాగే పని చేసుకున్నారు.

"కాదు" అన్న జవాబు వస్తే

పౌలు తన శరీరంలోని ముల్లు కోసం మూడుసార్లు వేడుకున్నాడు. జవాబు వచ్చింది: "నా కృప నీకు చాలును" (2 కొరింథీ 12:9). అది స్పష్టంగా వచ్చాక అతడు నాలుగోసారి అడిగినట్టు లేదు. కాబట్టి పట్టుదల అంటే మూసుకున్న తలుపును జీవితాంతం కొట్టడం కాదు. ఆ అబ్బాయికి వేరే చోట పెళ్లయిపోతే, ఆ మనవి ముగిసింది. ఎవరి స్వస్థత కోసం అడిగారో ఆ మనిషి చనిపోతే, ఆ మనవి ముగిసింది. అప్పుడు ఆ పేజీ చింపకండి. చివర తేదీ వేసి, ఏమైందో ఉన్నది ఉన్నట్టు రాయండి. కొన్ని వారాలు మనవులేమీ లేకుండా ఏడవండి, ఆ ఇరవై నిమిషాలు మాత్రం వదలకండి. యేసు కూడా లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు.

తలుపు స్పష్టంగా మూసుకోనంతవరకు, అంటే మనిషి బతికి ఉన్నంతవరకు, దారి మిగిలి ఉన్నంతవరకు, అడుగుతూ ఉండండి. ముఖ్యంగా అయినవాళ్ల రక్షణ కోసం చేసే ప్రార్థనకు గడువు పెట్టుకోకండి.

జవాబు వచ్చినప్పుడు

వింతగా ఉంటుంది గానీ, వచ్చిన జవాబును గుర్తుపట్టకపోవడం మామూలే. పేతురు కోసం సంఘం అత్యాసక్తితో ప్రార్థిస్తోంది. అతడే వచ్చి తలుపు తడితే, చెప్పడానికి పరిగెత్తిన రొదే అనే చిన్నదాన్ని పిచ్చిదానివన్నారు (అపొస్తలుల కార్యములు 12:13-15). కొడుకు తాగుడు తగ్గించి ఇంట్లో అన్నం తింటున్నా, ఇంకా గుడికి రావడం లేదని బాధపడే తల్లి కుడి పేజీ తీసి చదివితే, ఎంత దూరం వచ్చారో ఆమెకే కనబడుతుంది.

ఆ రోజే తేదీ రాయండి. తోడుగా ప్రార్థించినవాళ్లకు మొదట చెప్పండి. సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు మూడు నిమిషాలు చాలు: ఏం అడిగారు, ఎంత కాలం, ఏం జరిగింది. మందులు వాడితే వాడామని చెప్పండి, డాక్టరు పేరు చెప్పి కృతజ్ఞత తెలపడం దేవుని మహిమను తగ్గించదు. కొడుకు గురించైతే ముందు కొడుకునే అడగండి, తన పాత బతుకును మైకులో చెప్పడం అతనికి ఇష్టమో కాదో. వద్దంటే "దేవుడు ఒక మనవి విన్నాడు" అని కూర్చోండి. నోటుబుక్కులో ఖాళీ అయిన ఆ చోటులో, ఇంకా ఎదురుచూస్తున్న మరొకరి పేరు రాసి, మర్నాటి నుంచి ఆ ఆరు నిమిషాలు వాళ్లకు ఇవ్వండి.